జెంకిన్స్‌ను నిలబెట్టే పనితనం

వెబ్‌సైట్ ఇబ్బంది లేకుండా నడుస్తున్నంతకాలం దాని వెనక ఆటోమేషన్ సర్వర్ పెట్టినవాళ్లు ఎవరికీ గుర్తురారు. నాకు మాత్రం ఆ పనంటే చాలా గౌరవం.

జెంకిన్స్‌నే తీసుకోండి. సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఉండగా కొసుకె కవాగుచి ‘హడ్సన్’ పేరుతో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. సన్‌ను కొన్న ఒరాకిల్‌తో తగాదా వచ్చాక 2011లో పేరు జెంకిన్స్‌గా మారింది. ఇన్‌స్టాల్ చేయడం తేలికే: సరైన జావా ఉంటే 8080 పోర్టులో తెర ప్రత్యక్షమవుతుంది.

అసలు పనితనం ఆ తర్వాతే. ఎవరైనా కోడ్‌ను గిట్‌లోకి పంపగానే వెబ్‌హుక్ ద్వారా జెంకిన్స్‌కు కబురందాలి. ముందు లింటర్, తర్వాత యూనిట్ టెస్టులు, చివర్లో బ్రౌజర్ తెరిచి చూసే నిదానపు పరీక్షలు. ఈ వరుస కుదిర్చినవాళ్లు తోటివాళ్ల పూటలు మిగులుస్తారు. చిన్న తప్పు కోసం అరగంట ఎదురుచూడక్కర్లేదు. పాస్‌వర్డులను ఈ వరుస రాసి ఉంచే జెంకిన్స్‌ఫైల్‌లో రాయరు, క్రెడెన్షియల్స్‌లో విడిగా దాస్తారు. బిల్డుల బరువు ప్రధాన సర్వర్ మీద వేయకుండా ఏజెంట్లనే వేరే యంత్రాలకు అప్పగిస్తారు. అక్కర్లేని ప్లగిన్ల జోలికి పోరు, ఎంత ఊరించినా సరే!

ఒక్క పరీక్ష తప్పినా డిప్లాయ్ అక్కడే ఆగాలి. అన్నీ దాటి వెళ్లిన కోడ్ కూడా లైవ్‌లో మొరాయించవచ్చు కాబట్టి, నిజంగా శ్రద్ధ ఉన్నవాళ్లు అంతా బాగున్న రోజునే పాత వెర్షన్‌కు ఓసారి కావాలని వెనక్కి వెళ్లి సరిచూసుకుంటారు.