పెరటి చెట్టు, పాతబస్తీ

పెరటి చెట్టు మందుకి పనికిరాదని మనవాళ్ళు వూరికే అనలేదు. హైదరాబాదులో ఇల్లు కట్టుకుని ముప్ఫై ఏళ్ళయిన వాళ్ళని ఎవరినైనా కదిలించి చూడండి. కొడైకెనాల్ వెళ్ళొచ్చి వుంటారు, సింగపూర్ వెళ్ళొచ్చి వుంటారు, కాశీ గయలు సరేసరి. పాతబస్తీ ఎన్నిసార్లు చూశారంటే మాత్రం, "చుట్టాలొచ్చినప్పుడు" అంటారు. చుట్టాలొస్తే మన కాళ్ళకి అలవాటైన దారి ఒకటి వుంది. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, లాడ్ బజారు, ఓ చోట బిర్యానీ, ఆ తర్వాత ఇల్లు.

ఈ నాలుగింటి వరస ఎవరు పెట్టారో గానీ, నాకు దానిమీద గట్టి అభ్యంతరమే వుంది. అందులో వున్నవి గొప్పవి కావని కాదు. 1591 నాటి చార్మినార్‌ని కాదనేంత మొనగత్తెను కాను. అభ్యంతరమల్లా, అది చుట్టాల కోసం తయారైన వరస. ఒక్కరోజు తిరిగి సాయంత్రం రైలెక్కేవాళ్ళకి అది చాలు. ఇక్కడే వుండి, కావాలంటే ప్రతివారం వెళ్ళగలిగిన మనకెలా చాలుతుంది? రెండోసారి చదివినప్పుడు కూడా కొత్తగా తోచేదే మంచి పుస్తకమంటారు కదా. ఆ కొలతే వూరికి పెట్టి చూద్దామని నా ప్రయత్నం.

ఇంకో కొలత కూడా వుంది. అది అచ్చంగా మన ఆడవాళ్ళది. మూడ్రోజులు సెలవులొచ్చాయంటే ఇంట్లో అందరికీ విశ్రాంతి, ఇల్లాలికి తప్ప. ముందురోజు పులిహోర కలపడం, పెట్టెలు సర్దడం, పాలవాడికీ పనమ్మాయికీ చెప్పడం, తిరిగొచ్చాక మూడ్రోజుల మాసిన బట్టలు. కొండమీద చల్లగాలి తను పీల్చిందో లేదో ఆవిడకే గుర్తుండదు. అదే దగ్గరి చోటయితే మధ్యాహ్నం గిన్నెలు బోర్లించి బయల్దేరి, దీపాల వేళకి ఇల్లు చేరొచ్చు. బాగుంటే పై వారం మళ్ళీ వెళ్ళొచ్చు. బాగులేకపోతే పోయింది ఆటో ఖర్చే. ఈ రెండు కొలతలూ పట్టుకుని పాతబస్తీలో నేను తిరిగిన చోట్ల గురించి, మెచ్చుకోవలసింది మెచ్చుకుంటూ, తప్పు పట్టవలసింది పడుతూ, నాలుగు మాటలు చెబుతాను.

వరసలో వున్న మ్యూజియంతోనే మొదలుపెడదాం. సాలార్‌జంగ్‌లో మనం చూసేది రెండే రెండు. మేలిముసుగు రెబెక్కా బొమ్మ ఒకటి, గంట గంటకీ చిన్న మనిషి బయటికొచ్చి గంట కొట్టే గడియారం ఇంకొకటి. బెంజోనీ అనే ఇటలీ శిల్పి 1876లో చెక్కిన ఆ పాలరాతి ముసుగు ముందు నిలబడితే ఎవరికైనా వూపిరాగుతుంది, నిజమే. కానీ గంట కొట్టడం అవగానే జనమంతా సినిమా వదిలినట్టు లేచిపోతారు. మిగతా గదులన్నీ నడిచిపోయే వసారాలయిపోతాయి. నా మాట విని ఒక ఆదివారం ఒక్క బిద్రీ సామాన్ల కోసం వెళ్ళండి. జింకులో కాస్త రాగి కలిపి పోతపోసి, దానిమీద గీతలు చెక్కి, గీతల్లో వెండి పొదిగి, చివర బీదరు కోట మట్టితో రుద్దుతారు. లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. మన ఇళ్ళలో కుంకుమభరిణె నల్లబడితే చింతపండు పెట్టి తోముతాం. అక్కడ ఆ నలుపే అందం! అరగంట అక్కడ నిలబడ్డాక ఇంటికి పోయినా నష్టం లేదు. రెండోవారం ఇంకో గది. శుక్రవారం మాత్రం సెలవు, మరిచిపోకండి.

మ్యూజియం నుంచి చార్మినార్ వైపు నడిచేటప్పుడు మదీనా చౌరస్తా దాటాక, పత్తర్‌గట్టీ బట్టల కొట్ల సందడి వెనక బాద్‌షాహీ ఆషూర్‌ఖానా వుంది. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాయే దీన్ని కూడా 1590ల్లో కట్టించాడు. పల్లెల్లో పీర్ల పండుగ ఎరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కర్బలాలో అమరుడైన ఇమాం హుస్సేన్‌ని తలుచుకుని పీర్లను నిలిపే చోటిది. లోపలి గోడల నిండా రంగురంగుల పింగాణీ పలకలు. ఆవపువ్వు పసుపూ, నీలమూ, తెలుపూ, ఒక్కొక్క ముక్కా కోసి అతికి పీరు ఆకారాలూ లతలూ తీర్చారు.

మూసీకి 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో ఈ పలకలు కొన్ని పాడయ్యాయి. పోయిన చోట అదే నమూనాని తర్వాత గోడమీద రంగులతో వేశారు. తేడా ఇట్టే తెలుస్తుంది. రంగు వేసినచోట గోడ మూగగా వుంటుంది. పింగాణీ వున్నచోట సాయంకాలపు వెలుగు పడితే గోడ పలుకుతుంది. "ఇంత అతుకుబొంత పని ఎందుకు చేశారో" అని మొదటిసారి ముక్కు చిట్లించినవాళ్ళు కూడా రెండోసారి వెళ్ళినప్పుడు మనసు మార్చుకుంటారు. పెళ్ళినాటి పట్టుచీర ఎక్కడో చిరిగిందని పారేస్తామా? రఫ్ఫు చేయించి కట్టుకుంటాం. ఆ రఫ్ఫు తెలుస్తూనే వుంటుంది, అయినా చీర చీరే. అదీగాక ఇది ప్రదర్శనశాల కాదు, దుఃఖించేవాళ్ళ చోటు. తలమీద కొంగు కప్పుకుని, చెప్పులు విడిచి, గొంతు తగ్గించి చూసి రావాలి. మొహర్రం రోజుల్లో అది వాళ్ళకే వదిలిపెట్టాలి.

చార్మినార్ దగ్గరికి వచ్చాం కాబట్టి, అక్కడికి దగ్గర్లోనే వున్న సర్దార్ మహల్ మాట చెప్పకుండా వుండలేను. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తన బేగాల్లో ఒకావిడ కోసం 1900లో యూరపు పద్ధతిలో దీన్ని కట్టించాడు. ఆవిడ పేరు సర్దార్ బేగం. మేడ తనకి నచ్చలేదని ఆవిడ అందులో కాపురం పెట్టనే లేదట! ఏం నచ్చలేదో ఎవరూ రాసిపెట్టలేదు. వంటిల్లు చీకటిగా వుందో, గాలి రాలేదో, అసలు తననొకమాట అడక్కుండా కట్టారనో. పేరు మాత్రం ఆవిడదే నిలిచింది. ఆస్తి పన్ను బకాయిల కింద 1965లో మేడ మునిసిపాలిటీ పరమై, చాలా ఏళ్ళు కచేరీగా బతికింది. ఇటీవలి ఏళ్ళలో దాన్ని బాగుచేసి సాంస్కృతిక కేంద్రంగా మార్చే పని మొదలైంది. భవనాల మీద విమర్శ రాసే పండితులకంటే ముందు, ఒక్క అక్షరం రాయకుండా విమర్శించిన ఆవిడకి నేనైతే నమస్కారం పెడతాను.

ఆ నిజాంగారి బీరువా మాత్రం వేరే కథ. పురానీ హవేలీలో 2000లో మ్యూజియం పెట్టారు. అక్కడ ఈ బీరువా వుంది. పొడవు 176 అడుగులు, రెండంతస్తులు, పైఅంతస్తుకి వెళ్ళడానికి చేత్తో తిప్పే లిఫ్టు. ఒకసారి తొడిగిన బట్ట ఆయన మళ్ళీ తొడిగేవాడు కాదని చెప్పుకుంటారు. చూడగానే అందరూ నోరు వెళ్ళబెడతారు. నాకు మాత్రం అది కళగా ఆనలేదు. అది ఉత్త పొడవు. వరసగా తలుపులు, తలుపులు, తలుపులు. రెండోసారి వెళితే కొత్తగా తోచేదేమీ లేదు. తోచిందల్లా ఒకటే. అన్ని బట్టలు ఎవరుతికారో, ఎవరు మడతపెట్టారో, వాళ్ళ పేర్లు ఏ చెక్క మీదా లేవు. చదరపు అడుగుల ఇంట్లో ఒక్క బీరువా తలుపు పూర్తిగా తెరుచుకుంటే చాలనుకునే మనబోటివాళ్ళు ఒకసారి చూసి నవ్వుకోవడానికి బాగుంటుంది. నా లెక్కలో దానికి అంతకంటే మార్కులు పడవు.

ఇవన్నీ చెబితే మా పక్కింటి పిన్నిగారు, "అన్ని సందుల్లోకి ఒక్కదానివీ ఎలా వెళ్ళావమ్మా? పాతబస్తీ కదా!" అన్నారు. ఆ భయం వూరికే పుట్టలేదు. గొడవలూ కర్ఫ్యూలూ చూసిన తరం ఆవిడది. అయితే ఆవిడే మొన్న మనవరాలి పెళ్ళికి గాజులు కొనడానికి లాడ్ బజారులో రాత్రి తొమ్మిదింటిదాకా బేరమాడి వచ్చారు. గాజుల కోసమైతే లేని భయం, ఆ కొట్ల వరస దాటి ఇంకో నాలుగడుగులు వేయడానికి ఎందుకొచ్చిందో నాకర్థం కాదు. ఆ నాలుగడుగులు వేస్తే మహబూబ్ చౌక్, 1892 నాటి గడియార స్తంభం కనబడతాయి. కొనడానికి తప్ప మనం అటు వెళ్ళం. ఒకే వూళ్ళో సగం మందికి మిగతా సగం వూరు బేరాల దుకాణంగానే తెలియడం కంటే లోటు ఏముంటుంది? అక్కడి ఆడవాళ్ళు మనలాగే పిల్లల చేయి పట్టుకుని, కూరల సంచీ మోసుకుని తిరుగుతుంటారు. దారి అడిగితే చెబుతారు.

పిల్లల మాటెత్తాను కాబట్టి జూకి వద్దాం. 1963లో నెహ్రూ జూ పెట్టింది మొదలు మనం పిల్లల్ని పులి దగ్గరికి తీసుకువెళ్తూనే వున్నాం. దాన్ని ఆనుకునే మీర్ ఆలం చెరువుందని ఎందరు గమనించాం? నిజాం దివాను మీర్ ఆలం పేరున 1800ల మొదట్లో దాని ఆనకట్ట కట్టారు. సుమారు కిలోమీటరు పొడవున్న ఆ కట్ట తిన్నటి గోడ కాదు. 21 అర్ధచంద్రాకారపు కమానుల వరస. ఇరవైయొక్క గాజుల్ని సగానికి విరిచి, నీళ్ళవైపు పొట్ట వుండేట్టు పక్కపక్కన నిలబెట్టారనుకోండి, అలా వుంటుంది. నీళ్ళు ఆ పొట్టని నెడితే, ఆ బరువు వంపు వెంబడి రెండు పక్కలా వున్న దిమ్మెల్లోకి పోతుంది. రాయి నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే పగులుతుంది. ఈ వంపులో రాయికి నొక్కుడే తప్ప లాగుడు తగలదు. అందుకే తిన్నటి కట్టకంటే తక్కువ రాయితో అది రెండు వందల ఏళ్ళ పైబడి నిలిచింది. 1920లో ఉస్మాన్‌సాగర్ వచ్చేదాకా నగరానికి తాగునీరు ఇదే పోసింది. ఒక్క చెక్కడం లేకుండా, చేసే పనిలోంచే అందం పుట్టిన కట్టడం ఈ వూళ్ళో ఇంకోటి నేను చూడలేదు. చెరువులో మురుగూ గుర్రపుడెక్కా చూస్తే మాత్రం కడుపు తరుక్కుపోతుంది. మనకి నీళ్ళు పోసిన చేతికి మనం పెట్టింది ఇదీ!

చివరికి దాచుకున్నది పైగా సమాధులు. సంతోష్‌నగర్ దగ్గర పీసల్‌బండలో వున్నాయి. "సెలవు పూట సమాధులు చూడ్డమేమిటమ్మా, అశుభం" అన్నారు పిన్నిగారు. తాజ్‌మహల్ ఏమిటండీ మరి? ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించింది కూడా పైగా వంశం వాళ్ళే. ఆ ప్యాలెస్ పేరు వింటే కళ్ళు మెరిసేవాళ్ళు, ఆ వంశం నిద్రపోయే చోటికి రారు.

అక్కడ వున్నది సున్నపు గచ్చు పని. గోడల్లో జాలీలు, ఒకదాని నమూనా ఇంకోదానికి పోలిక లేకుండా అల్లుకుపోతాయి. తెల్లవారుజామున చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేసే అలవాటున్నవాళ్ళకి అది ఎంత కష్టమో చూడగానే తెలుస్తుంది. గీత ఎక్కడ మొదలైందో పట్టుకుని వెంబడిస్తే, నాలుగు మెలికలు తిరిగి మళ్ళీ అక్కడికే వస్తుంది. ఎండ ఆ జాలీలోంచి నేలమీద పడి ఇంకో ముగ్గు వేస్తుంది. ఎండ జరిగినకొద్దీ ఆ ముగ్గూ జరుగుతుంది. అందుకే ఒక్కసారి చూస్తే చాలదన్నాను. పొద్దున చూసింది సాయంత్రం వుండదు. కూచోవడానికి నీడుంది, అరుపుల్లేవు. నా రెండు కొలతలకీ నిండుగా నిలిచింది ఈ చోటొక్కటే.

ఇక తప్పులు. చాలాచోట్ల ఏది ఎటో చెప్పే బోర్డు వుండదు. వున్నా తెలుగులో నాలుగు ముక్కలు రాయరు. అన్నిటికంటే పెద్దది, ఆడవాళ్ళకి శుభ్రమైన మరుగుదొడ్డి. అది లేని చోట ఎంత అందం వున్నా గంటకి మించి మనసు నిలవదు. దీన్ని చిన్న విషయమని నవ్వేవాళ్ళు ఎప్పుడూ మొగవాళ్ళే. మొక్కుబడి దీపాలు, రంగు లైట్లు పెట్టే ముందు ఇది చూడండని అధికారులకి మనవి చేస్తున్నాను.

"ఎవరొస్తారండీ ఇక్కడికి?" అనే మాటే ఈ కట్టడాలకి వరదకంటే చేటు. ఎవరూ రారంటే జాలీ పెచ్చు వూడినా అడిగేవాళ్ళుండరు, సున్నం పోయినచోట సిమెంటు మెత్తుతారు, పక్కన గోడ లేస్తుంది. పైగా సమాధుల మరమ్మత్తుకి 2023లో అమెరికా నుంచి రెండున్నర లక్షల డాలర్లు ప్రకటించారు. సంతోషమే. కానీ అంత దూరం వాళ్ళకి కనబడిన ముగ్గు, ఆటోలో అరగంట దూరంలో వున్న మనకి కనబడకపోతే ఎలా? డాలర్లు మనం ఇవ్వలేం. ఒక మధ్యాహ్నం ఇవ్వగలం. వచ్చే ఆదివారం భోజనాలయ్యాక మంచినీళ్ళ సీసా ఒకటి సంచీలో వేసుకుని బయల్దేరండి. అన్నీ కాదు, ఏదో ఒక్కటి. మిగతావి ఎక్కడికీ పోవు, పై ఆదివారం వుండనే వుంది.