ఆరవ నంబరు వార్డు: ద్వారమునకు ఆవల

1892లో వెలువడిన చెహోవ్ కథ ‘ఆరవ నంబరు వార్డు’ను విమర్శకులు ప్రధానముగా రెండు విధముల వ్యాఖ్యానించిరి. బాధను మనోబలముచే ఉపేక్షింపవచ్చునని వాదించి, తుదకు తానే ఆ పిచ్చివార్డులో బంధితుడైన డాక్టరు రగిన్ తత్త్వమునకు ఇది ఖండనమని కొందఱు. నాటి రష్యాకే ప్రతీకయని కొందఱు. రెండును సమంజసములే. కాని యీ రెండింటను రోగులు వాదమునకో ప్రతీకకో ఉపకరణములైపోవుచున్నారు. దీర్ఘకాలము మతి చలించినవారి భారము ఎవరిదను ప్రశ్నయే ఈ కథకు మూలమని మేము తలంచుచున్నాము.

గ్రోమొవ్ ఆసుపత్రికేల చేరెను? వ్యాధి యొక్కటే కారణము కాదు. ఇంటనుండి ఉపచారము పొందుటకు అతనికి ధనము లేదు. ఏడాదిలో ఊరు అతనిని మఱచినది. ఇంటి యజమానురాలు కొట్టములో పడవేసిన అతని పుస్తకములు పిల్లల పాలైనవి. చెహోవ్ దీనిని క్లుప్తముగా చెప్పి విడిచినాడు. గోడ కట్టినది ఆసుపత్రి మాత్రమే కాదు, ఊరు కూడ.

ఇక మొయిసేయ్కా. టోపీల కర్మాగారము కాలిపోగా మతి చెడినవాడు. వీధిలోనికి పోవు అనుమతి రోగులలో ఇతనికొక్కనికే కలదు. ఊరివారు రొట్టెయో కాసో ఇత్తురు. తిరిగి రాగానే కావలివాడు నికిత సర్వమును లాగికొనును. తలుపు తెఱచుట వేఱు, బాధ్యత వహించుట వేఱు. అయినను ఇతడు పక్షవాతరోగియైన పొరుగువానికి చెంచాతో తినిపించును, నిద్రించువారికి దుప్పటి కప్పును. ఇది దయచేత గాదు, తన ప్రక్కనున్న గ్రోమొవ్‌ను అనుకరించుటచేత నని రచయితయే చెప్పినాడు. పరిచర్య పొరుగునుండి అలవడునది యనుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

బెల్జియములోని గీల్ పట్టణమున గృహస్థులు మధ్యయుగములనుండి మానసిక రోగులను తమ యిండ్ల నుంచుకొనుచు వచ్చిరి. నేడు ఆ గృహస్థునకు భృతి కలదు; వెనుక వైద్యశాల కలదు. మొయిసేయ్కాకు కొఱవడినది ఈ ఏర్పాటే.

మన దేశమున 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, 19వ సెక్షనులో, సమాజమున జీవించు హక్కును రోగికి ప్రసాదించినది. కుటుంబము లేదనియో, నిలువ నీడ లేదనియో, సమాజమున తగిన వసతులు లేవనియో అతనిని ఆసుపత్రిలోనే ఉంచరాదని శాసించినది. గ్రోమొవ్ వంటివారికి ద్వారము తెఱచిన వాక్యమిది. కాని ఆవల ఇల్లు, తిండి, మందు, పలుకరించు మనిషి లేనిచో అతడు మఱియొక మొయిసేయ్కా యగును. కథను ప్రతీకగా మాత్రమే బోధించునపుడు మనము విస్మరించుచున్నది దీనినే.