అరుగు మీది బడి: ఒక పట్టిక, రెండు తీర్పులు

తెలుగునాట పాతకాలపు చదువును గురించి రెండు అభిప్రాయాలు వాడుకలో ఉన్నాయి. ఊరూరా బడి వర్ధిల్లేదనీ, పరాయి పాలన దానిని కూల్చివేసిందనీ ఒకటి. బెత్తం, బట్టీ తప్ప ఆ బడిలో మరేమీ లేదని మరొకటి. ఈ రెండింటికీ ఆధారం ఒకే పత్రంలో లభించడం విశేషం. 1823లో బళ్ళారి కలెక్టరు ఏ.డి. కాంబెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకు సమర్పించిన నివేదిక అది. ధరంపాల్ 1983లో ప్రచురించిన ‘ది బ్యూటిఫుల్ ట్రీ’ గ్రంథం ఆ నివేదికను తక్కిన జిల్లాల నివేదికలతో పాటు యథాతథంగా పాఠకుల ముందుంచింది.

గవర్నరు థామస్ మన్రో 1822లో రాజధాని అంతటా బడులను లెక్కించమని ఆదేశించాడు. నాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా అంతర్భాగం. కన్నడం, తెలుగు పక్కపక్కనే వినిపించే సీమ అది. కాంబెల్ కేవలం రెవెన్యూ అధికారి కాడు. 1816లో తెలుగు వ్యాకరణాన్ని ఆంగ్లంలో వెలువరించినవాడు. అందుచేతనే తక్కిన కలెక్టర్లలో పలువురు అంకెలతో సరిపెట్టుకోగా, ఆయన బడి లోపలికి తొంగిచూడగలిగాడు.

ఆయన చిత్రించిన బడి తెలుగువారికి అపరిచితం కాదు. అయిదవ ఏట విఘ్నేశ్వర పూజతో అక్షరాభ్యాసం, బియ్యంలో వేలితో దిద్దిన తొలి అక్షరాలు, ఆ తరువాత ఇసుకలో రాత. ఉదయం ఆరు గంటలకే బడి ఆరంభం. ముందుగా వచ్చిన పిల్లవాని అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు రాసేవారు, రెండవవానికి సున్న, మూడవవాని నుంచి వరుసగా ఒకటి, రెండు, మూడు దెబ్బలు. రెండు చేతులూ కట్టి పైకప్పుకు వేలాడదీయడం, కూర్చుని లేవమనడం ఆయన పేర్కొన్న శిక్షలు. తెలుగు పల్లెలు వీటినే కోదండమనీ, గుంజిళ్ళనీ వ్యవహరించాయి.

పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పే పద్ధతిని కాంబెల్ మనసారా మెచ్చుకున్నాడు. ఒక్క పంతులు, ఒక్క అరుగు ఉన్నచోట పలు తరగతులు సాగడానికి అదే కీలకం. ఆ కాలానికే మద్రాసులో పనిచేసిన ఆండ్రూ బెల్ ద్వారా ఆ విధానం ఇంగ్లండు చేరి, ‘మద్రాసు పద్ధతి’గా పేరొందింది. అయితే పిల్లలు వల్లించే పద్యాల భాష వేరు, వారు మాట్లాడే భాష వేరు కావడంతో చిలుక పలుకులే మిగులుతున్నాయని కూడా ఆయన గుర్తించాడు. గిడుగు రామమూర్తి ఉద్యమానికి ఎనిమిది దశాబ్దాల ముందే ఈ లోపం ఒక అధికారి దృష్టికి వచ్చిందన్నమాట.

ఇక అంకెలు. జిల్లా జనాభా 9,27,857. బడులు 533: కన్నడం 235, తెలుగు 226, మరాఠీ 23, సంస్కృతం 23, పారశీకం 21, తమిళం 4, ఇంగ్లీషు 1. విద్యార్థులు 6,641 మంది. అంటే ఒక్కొక్క బడికి సగటున పన్నెండు, పదమూడు మంది. హిందూ బాలురు 6,338 మందిలో శూద్రులు 2,998, ఇతర కులాలవారు 1,174. ఇద్దరూ కలిసి దాదాపు మూడింట రెండు వంతులు. చదువు అగ్రవర్ణాల సొత్తుగానే ఉండేదన్న నమ్మకాన్ని ఈ లెక్క బలంగా సడలిస్తుంది. ధరంపాల్ సాధించిన ముఖ్య ప్రయోజనం ఇదే.

కాని అదే పట్టికలో హిందూ బాలికలు 60 మంది మాత్రమే. మొత్తం జనాభాలో బడికి వెళ్ళేవారు నూట నలభై మందికి ఒక్కరు. తెలుగు జిల్లాలలో బ్రాహ్మణ విద్యార్థుల వాటా కడపలో 24 శాతం నుంచి విశాఖపట్నంలో 46 శాతం దాకా ఉన్నట్లు ధరంపాల్ గణించిన లెక్కలే తెలుపుతున్నాయి. ‘ఇతర కులాల’ కింద ఎవరెవరు చేరారో, ఎవరు గడప బయటే నిలిచిపోయారో పట్టిక విప్పి చెప్పదు.

గ్రంథనామం 1931లో లండనులో గాంధీజీ చేసిన ప్రసంగం నుంచి వచ్చింది. బ్రిటిషు పాలనలో భారతీయ విద్య అనే అందమైన వృక్షం నశించిందని ఆయన అన్నారు. ఫిలిప్ హార్టాగ్ ఆధారాలు చూపమని నిలదీశాడు. ధరంపాల్ గ్రంథం ఆ వివాదానికి ఆలస్యంగా అందిన సమాధానం. ఆయన నిజాయితీ ఏమంటే, తన వాదానికి అనుకూలించని పత్రాలను కూడా దాచలేదు. ఆయన పరిమితి ఏమంటే, వృక్షమనే ఉపమానం అంకెల మీద కొంత నీడ పరిచింది. వృక్షం అందాన్ని చూసిన కన్ను ఆ నీడ అందని వారిని అంత నిశితంగా చూడలేదు. అలాగని బెత్తాన్నీ బట్టీనీ చూపి ఆ బడిని తోసిపుచ్చేవారు సైతం, ఒక్క పైసా ప్రభుత్వ సహాయం లేకుండా రైతుల, వృత్తులవారి పిల్లలను కూర్చోబెట్టిన ఆ అరుగును చూడనట్లే.

కాంబెల్ నివేదికలో అన్నిటికంటె విలువైనది ప్రశంసా కాదు, విమర్శా కాదు, ఆత్మపరిశీలన. ఐరోపా వస్త్రాల దిగుమతితో చేతివృత్తులు దెబ్బతిన్నాయనీ, దేశం క్రమంగా పేదదవుతోందనీ, అందుచేత బడులు మూతపడుతున్నాయనీ ఆయన రాశాడు. ఉన్న 533 బడుల్లో ఒక్కదానికీ ప్రభుత్వ పోషణ లేదని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు. తాను సేవించే ప్రభుత్వాన్ని గురించి ఒక అధికారి ఇంత సూటిగా రాయడం అరుదు.

ఈ చరిత్ర గతంతో ముగిసింది కాదు. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకం సంకల్పించింది. అయినా 2021–22లో దేశంలో ఏకోపాధ్యాయ పాఠశాలలు లక్షకు పైగా ఉన్నాయి. ఒక్క పంతులు ఏమి చేయగలడో, ఏమి చేయలేడో బళ్ళారి పట్టిక ఏనాడో తేల్చింది. పెద్ద పిల్లలు చిన్నవారికి దిద్దించవచ్చును. కాని బడికి రాని పిల్లలను వెతికి తీసుకురావడం ఆ అరుగు వల్ల కాలేదు. ఆ బాధ్యత ప్రభుత్వానిదే. కాంబెల్ సిగ్గుపడింది ఆ లోటుకే.