శక్తి అంచనాలు - దాచిన లెక్కలు

విద్యార్థి జవాబు మాత్రమే వ్రాసి, సాధించిన విధం చూపకపోతే ఉపాధ్యాయుడు పూర్తి మార్కులు వేయడు. జవాబు సరియైనదే కావచ్చును. కాని అది ఎట్లు వచ్చినదో తెలియనిదే దానిని నమ్ముటకు ఆధారం లేదు. తరగతిగదిలో అందరూ ఒప్పుకొనే ఈ నియమం, దేశాల శక్తి అవసరాలను లెక్కించే పరిశోధనలో చాలకాలం అమలు కాలేదు.

ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ 1981లో వెలువడిన 'ఎనర్జీ ఇన్ ఎ ఫైనైట్ వరల్డ్' అనే గ్రంథం. ఆస్ట్రియాలో వియన్నా సమీపాన లాక్సెన్‌బర్గ్‌లో ఉన్న ఇయాసా అనే అంతర్జాతీయ సంస్థలో, వుల్ఫ్ హేఫలే నాయకత్వాన వందమందికి పైగా శాస్త్రజ్ఞులు దీనికై శ్రమించారు. ప్రపంచాన్ని 7 ప్రాంతాలుగా విభజించి, 2030 వరకు ఎంత శక్తి కావలసివచ్చునో, అది దేనినుండి లభించునో కంప్యూటరుతో లెక్కగట్టారు. ఇంత విశాలమైన సమస్యను ఒకే చట్రంలో పరిశీలించుట మెచ్చదగిన సాహసమే.

కాని ఇట్టి లెక్కలలో ఒక చిక్కు కలదు. నేడు 100 పాళ్లుగా ఉన్న విద్యుత్తు వాడకం ఏటా 5 శాతం పెరిగితే 20 ఏండ్లకు 265 అవుతుంది. 6 శాతం అయితే 321 అవుతుంది. ఒక్క శాతం ఊహలోని భేదం ఎంత దూరం పోయినదో చూడండి! కంప్యూటరు గుణించిపెడుతుందేగాని, 5 సరియైనదా, 6 సరియైనదా అన్నది చెప్పజాలదు.

అదే సంస్థలో పనిచేసిన విలియం కీపిన్ అనే గణితజ్ఞుడు ఈ గ్రంథంలోని లెక్కలను విప్పి చూచాడు. బ్రయన్ విన్‌తో కలిసి 1984లో 'నేచర్' పత్రికలో తన ఫలితాలను ప్రకటించాడు. శక్తి సరఫరాను గూర్చిన అంచనాలు చాలవరకు ముందుగా పెట్టుకొన్న ఊహలకు మారురూపాలేనని తేలినది. అంతేగాక, ఈ పద్ధతిలో కంప్యూటరు చౌకైన మార్గాన్నే ఎన్నుకొంటుంది. రెండు మార్గాల ఖర్చు దాదాపు సమానమైనప్పుడు, స్వల్పమైన మార్పు కూడ ఫలితాన్ని తలక్రిందులు చేస్తుంది. గ్రంథం మాత్రం తన నిర్ణయాలు దృఢమైనవని చెప్పుకొన్నది.

జోస్యం తప్పుట పెద్ద నేరం కాదు. భవిష్యత్తును ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. అసలు లోపం, లోపలివాడు పూనుకొంటేనేగాని లెక్క బయటపడకపోవుట. ఏ విద్యుత్కేంద్రం కట్టవలెనో, ఎంత అప్పు చేయవలెనో ఇట్టి అంచనాలనుబట్టి ప్రభుత్వాలు నిర్ణయిస్తే, ఆ పొరపాటును మోసేది ప్రజలే.

తరువాత పరిస్థితి కొంత మారినది. 2011లో వెలువడిన 'ఓసిమోసిస్' అనే నమూనాను ఎవరైనను ఉచితంగా తీసుకొని పరీక్షించవచ్చును. ఇయాసా కూడ తన 'మెసేజ్' నమూనాకు వారసత్వంగా వచ్చిన రూపాన్ని అందరికీ అందుబాటులో ఉంచినది. ఇది అభినందనీయం.

అయితే నమూనాను తెరచి, అందులో వేసిన అంకెలను దాచితే ప్రయోజనం తక్కువ. వంట విధానం చెప్పి, పాళ్లు చెప్పనట్లే అవుతుంది. విద్యుత్ సంస్థలు వ్యాపారరహస్యమని కొన్ని అంకెలను ఇవ్వకపోవచ్చును. అప్పుడైనా వాటి స్థానంలో ఏమి ఊహించారో, ఆ ఊహ మారితే ఫలితం ఎంత మారునో పరిశోధకులు స్పష్టంగా వ్రాయవలెను. ఇతరులు మళ్లీ చేసి సరిచూడగలిగినదే శాస్త్రం; తక్కినది పెద్దల మాట మాత్రమే.