ఎట్లుండాది?

నాలుగక్షరాల ఈ మాటకు ముందుగా ఒక దండం.

కొంగుతో చేతులు తుడుచుకుంటూ, ఒక కాలు వంటింటి గడప లోపల, ఒక కాలు బయట పెట్టి, మొదటి ముద్ద ఎవరి నోట్లోకి పోయిందో వాళ్ళ మొహాన్నే చూస్తూ మా వదిన అడిగే మాట ఇది. విత్తనం చల్లినవాడు మబ్బును చూసే చూపు ఆమెది. ఆ కాసేపూ వీధిలో మరమగ్గాల దడదడ ఆగినట్టుంటుంది. స్టేషన్లో సప్తగిరి రైలు తన కూత తానే మింగినట్టుంటుంది. మా నగరి కొండకు నిలువెత్తు ముక్కు ఉంది. ఒకప్పుడు సముద్రం మీద ఓడలవాళ్ళు ఆ ముక్కును చూసి తీరం గుర్తుపట్టేవాళ్ళట. నాకైతే ఆ కొండ పుత్తూరులో మా వదిన వంటింటి వాసన పట్టడానికే అట్లా ముక్కెత్తి నిలబడిందనిపిస్తుంది.

సంగటి, పప్పు, చారు, ఊరిబిండి ఉంటే మా ఇంటికి చాలు. కొత్తవి వండమని ఆమెను అడిగినవాళ్ళు లేరు. అయినా వారం తిరిగేసరికి పొయ్యి మీద మేమెవరమూ పేరు పెట్టలేనిది ఏదో ఉడుకుతుంటుంది. "ఏం కూర వదినా?" అంటే "తిన్నాక చెప్తాలే నాయనా" అంటుంది. పేరు వింటే నాలుక ముందే తీర్పు రాసుకుంటుందని ఆమె లెక్క.

ఆమె చేతికి సరుకందించిన నేలకు దండం. రెండు భాషలు ఒకే రోట్లో నలిగే నేల ఇది. 1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి మా చిత్తూరు జిల్లాదే. ఆ రోజు సరిహద్దు గీత జరిగింది, తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. తాలూకా పోయింది గానీ కారకొళంబు మా సట్టిలోనే ఉండిపోయింది. 2022 ఏప్రిల్లో మళ్ళీ గీత జరిగింది. చిత్తూరు జిల్లాలో పడుకున్న పుత్తూరు తిరుపతి జిల్లాలో లేచింది. వదిన తిరగవాత డబ్బా మాత్రం ఉన్న అరలోనే ఉంది. అందులో ఆవాల పక్కన సోంపు ఉంటుంది, మెంతుల పక్కన మరాఠీమొగ్గ ఉంటుంది. ఎవరిది ఏ రాష్ట్రమని అవి అడగవు.

రైలుకూ దండం. మద్రాసు నుంచి ఒకటీ, బొంబాయి నుంచి ఒకటీ బయలుదేరిన ఇనుప దారులు 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆ మద్రాసు దారి మా ఊరి మీదుగానే పోతుంది. ఆ పట్టాల మీద నూలు వచ్చింది, తిరుమల కొండకు పోయే గోవిందలు వచ్చారు, వాళ్ళ సద్దిమూటల్లో రుచులు వచ్చాయి. మద్రాసులో ఉద్యోగాలు చేసే మా ఇంటి పిల్లలు శనివారం దిగి "పొరోటా, సాల్నా తిన్నాం మా, బలే ఉండాది" అంటే చాలు. ఆదివారం మధ్యాహ్నానికి వదిన మైదాపిండిని రుమాలులా విసురుతుంటుంది. మొదటిది గోడకంటుకుంది. రెండోది పిల్లిని బెదిరించింది. మూడోది మా కంచాల్లోకి దిగింది.

"మనింట్లో లేని ఆచారం. ఏం మే ఇది?" అంటుంది మా అమ్మ. ఎనభై దాటిన మనిషి. కోడలి కొత్త వంటలన్నిటికీ ఆమెది ఒకటే జవాబు: కంచం అంచుకు జరిపేసి, మజ్జిగ పోయమనడం.

అమ్మ మీద నాకు కోపం లేదు. కానీ రోటి దగ్గర కూర్చుని ఊరిబిండి దంచుతున్నప్పుడు ఒక లెక్క తట్టింది. వేయించిన చెనిగ్గింజలు, ఎండు మిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ, ఉప్పు. మా తాతముత్తాతల సొత్తని మేము రొమ్ము విరుచుకునే ఊరిబిండి ఇంతే. ఇందులో చెనక్కాయ పుట్టిల్లు దక్షిణ అమెరికా. మిరపకాయదీ అమెరికా ఖండమే. పోర్చుగీసు ఓడ కాలికట్టులో లంగరు వేసింది 1498లో, మిరప మన మళ్ళలోకి దిగింది ఆ తర్వాత. 1408లో పుట్టి 1503లో పోయిన అన్నమయ్య కొండమీది స్వామికి వేల పాటలు వడ్డించాడు గానీ మిరపకాయ కొరికి ఉండడు. ఆయన నాలుకకు కారమంటే మిరియమే. అంతెందుకు, సంగటికి ప్రాణమైన రాగి కూడా వేల ఏళ్ళ కిందట ఆఫ్రికా మెట్టల నుంచి నడిచొచ్చిన చుట్టమే.

అంటే ఏదో ఒక మధ్యాహ్నం, ఈ మెట్టనేలల్లో పేరు తెలియని ఒక అవ్వ, పరదేశపు గింజనూ పరదేశపు కాయనూ మొదటిసారి ఒకే రోట్లో వేసింది. పక్కనున్న అత్త మొహం చిట్లించే ఉంటుంది. అవ్వ దంచింది. ముద్ద పక్కన పెట్టింది. గడప మీద నిలబడి అడిగింది. తిన్నవాళ్ళలో ఎవరో "ఇంకొంచెం ఎయ్యి" అన్నారు. ఆ రెండు మాటలే ఊరిబిండిని మన ఆచారం చేశాయి. ఆ మాట రాని వంటలు ఆ పూటతోనే పోయాయి. ఆచారమనేది మారు వడ్డన దొరికిన సాహసమే. పేరు మిగలని ఆ అవ్వకు రోటి సాక్షిగా ఒక దండం.

కొండమీద పోటులో, అంటే గుడి వంటశాలలో, దిట్టమని ఒకటుంటుంది. ఇన్ని లడ్డూలకు ఇంత శనగపిండి, ఇంత చక్కెర, ఇంత నెయ్యి, ఇంత జీడిపప్పు అని తూకం రాసిన పట్టిక. నిన్న తిన్న లడ్డూ, నేడు తిన్న లడ్డూ నాలుక మీద ఒక్కటే కావాలి. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అది నిలకడకు పెట్టిన నైవేద్యం. వదిన వంటింట్లో దిట్టం లేదు. పోయిన వారం అందరం మెచ్చిన కూర ఈ వారం వేరే మొహం పెట్టుకుని వస్తుంది. కానీ మా ఊరి పక్కనే నారాయణవనం ఉంది, పద్మావతమ్మను శ్రీనివాసుడు పెళ్ళాడిన చోటు. ఆ పెళ్ళివాళ్ళకు వండటానికి పాత్రలు లేకపోతే, కొండమీది తీర్థాలనే గుండిగలు చేసుకుని అగ్నిదేవుడు వండాడని, పుష్కరిణిలో అన్నం ఉడికిందని పురాణం చెప్పుకుంటారు. దిట్టం పుట్టకముందు దేవుడింట్లోనూ ఉన్నదానితో సర్దుకుని చేసిన వంటే. ఇంక మా వదినకు భయమేమి?

భయం లేదు గానీ దెబ్బలున్నాయి. వాటికీ దండం.

ఒక మే నెలలో అన్న స్నేహితులు నలుగురు మద్రాసు నుంచి వస్తామన్నారు. వదిన కోవా చేద్దామని పాలు పొయ్యి మీద పెట్టింది. ఎండ దెబ్బో, గిన్నె దోషమో, పాలు విరిగాయి. ఇల్లు మూగబోయింది. అమ్మ "నేను అప్పుడే చెప్తిని" అనబోయి ఆగింది. మాది పుత్తూరు. కాలో చెయ్యో విరిగితే ఎక్కడెక్కడి నుంచో మనుషులను మోసుకొచ్చే ఊరు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ పేలికలు, వాటితో కట్టే పుత్తూరు కట్టు పేరు వినని ఊరు ఈ చుట్టుపక్కల లేదు. ఎముక విరిగితే అతుకుతుంది, పాలు విరిగితే ఏం కట్టు కడతారు?

వదిన కట్టింది. పాత పంచె చింపి విరుగుడంతా మూట కట్టి, కొళాయికి వేలాడదీసింది. నీళ్ళు ఓడినాక రుబ్బురోలు పొత్రం ఎత్తి దాని నెత్తిన పెట్టింది. గంటకు గట్టిపడింది. ముక్కలు కోసి, వేయించిన చెనిగ్గింజల ముద్దలో, ఎర్రగడ్డ, తక్కాలి పులుసులో దించింది. ఓడిన నీళ్ళతో చపాతీపిండి కలిపింది. నలుగురూ తిన్నారు. "ఈ కూర పేరేంది వదినా?" అనడిగారు. ఆమె నోరు తెరిచేలోగా అన్న చెప్పాడు: "పుత్తూరు కట్టు!" ఆ పేరే ఖాయమైంది. కోవా ఆశ పోయిన చోట ఒక కూర పుట్టింది. విరిగినదానికి విరుగుడు అందులోనే ఉందని మా ఇంట్లో చెప్పిన గురువు ఆ పాలే.

ఓవెన్ లేని ఇంట్లో కుక్కరు అడుగున ఇసుక పోసి చేసిన రాగి కేకు పైన మాడి లోపల జావ కారింది. వదిన మాడినది గీకేసి, జావలో బెల్లం, యాలకులు వేసి గ్లాసుల్లో పోసిచ్చింది. నూడుల్స్ ఉడికి బంకలా ముద్దయితే జీలకర్ర, పచ్చిమిరపకాయ నూరి కలిపి మిద్దె మీద వడియాలు పెట్టింది. మామిడికాయ ధర పడిపోయిన ఏడు మేనమామ తోటలో కోత కూలి కూడా గిట్టదని బెంగళూరా కాయలు గోతాలకొద్దీ మా నడవలో పోసి పోయాడు. గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టరుతో రెండు రాత్రులు కాచుకున్న మనిషి మొహం ఆ కాయలకన్నా పచ్చిగా ఉంది. వదిన మాట్లాడలేదు. ఆ పదిహేను రోజులూ మామిడి పప్పు, మామిడి పులిహోర, మామిడిపండు మజ్జిగపులుసు, మిద్దె మీద తాండ్ర. ఆఖరి రోజు మేనమామను పిలిచి పీట వేసింది. ఆయన మూడుసార్లు మజ్జిగపులుసు పోయించుకున్నాడు. అప్పు తీరలేదు. కానీ తన తోట రుచేందో ఆ పూట ఆయన నాలుకకు తెలిసింది.

పుస్తకానికి దండం. మద్రాసులో ఉంటూ ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రమదావనం నడిపిన మాలతీ చందూర్ రాసిన 'వంటలు-పిండివంటలు' వదిన పుట్టింటి సారెలో వచ్చింది. ఆ రచయిత్రి 2013లో కన్నుమూసింది. పుస్తకం మీద పసుపు మరకలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఏ పుటకు ఎక్కువ జిడ్డుందో ఆ వంట మా ఇంట్లో నిలిచినట్టు. ఇప్పుడు ఉప్పు డబ్బాకు ఆనించిన సెల్‌ఫోను కూడా పాఠం చెబుతుంది. ఫోనుకు జిడ్డంటదు, తుడిచేస్తే పోతుంది. అందుకే వదిన ఒక పాత డైరీ పెట్టుకుంది. అందులో కొలతలు ఉండవు. వంట పేరు, దాని పక్కన ఎవరు ఎన్నిసార్లు వేయించుకున్నారో ఉంటుంది. చిన్నోడు రెండు. అన్న మూడు. నేను ఒకటి, అదీ మొహమాటానికని ఆమె పసిగట్టినట్టు పక్కన చిన్న గీత. మా వైపు ఎవరూ నోటితో బాగుందని మెచ్చుకోరు. మెప్పంతా కంచంలోనే. పుటలన్నీ తిప్పితే ఒకచోట మాత్రం లెక్క మారలేదు. అత్త: సున్న. అత్త: సున్న. అత్త: సున్న.

పోయిన సంక్రాంతి ముందు అమ్మకు జొరం వచ్చింది. తగ్గినాక నోరు పూసింది. కారం తగిలితే కళ్ళ నీళ్ళు. సంగటి ముద్ద అట్లాగే కంచంలో ఆరిపోయేది. అనపకాయల కాలం అది. వదిన అనపగింజలు రాత్రి నానేసింది. పొద్దున్నే పక్కింటి ఆడవాళ్ళు, మగ్గం ఆపుకుని వచ్చిన ఎదురింటి పిల్ల, అందరూ నడవలో చుట్టూ కూర్చుని ఒక్కొక్క గింజా పితికారు. వేళ్ళ మధ్య నుంచి పప్పు జారి పళ్ళెంలో పడుతుంటే తొలకరి చినుకుల చప్పుడు. పితికిపప్పంటే మాకు మిరపకాయ మసాలా మండాల్సిందే. వదిన ఆ రోజు మిరపకాయ ముట్టలేదు. మిరియాలు నాలుగు దంచింది. అల్లం నూరింది. కొబ్బరి పాలు తీసి పోసింది. మెత్తగా ఎనిపింది.

మేమెవరమూ తిననిది. కొత్తలో కొత్త. కానీ నాకు చప్పున తట్టింది: ఇందులో ఓడ దిగినది ఒక్కటీ లేదు. ఇది అన్నమయ్య తినగలిగిన కూర. ముందుకని వేసిన అడుగు ఐదు వందల ఏళ్ళు వెనక్కి పోయి, ఊరిబిండి కన్నా పాత గుమ్మంలో నిలబడింది.

మెత్తగా కెలికిన సంగటి ముద్ద అమ్మ కంచంలో పెట్టి, వదిన గడప మీద నిలబడింది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

"ఎట్లుండాది అత్తా?"

అమ్మ మాట్లాడలేదు. ముద్దలో బొటనవేలితో గుంత చేసింది. కూర అందులో నింపుకుని తుంచింది, మింగింది. ఇంకోటి తుంచింది. మగ్గాలు ఆగాయి. రైలు కూత మింగింది. కొండ ముక్కు ఇటే ఉంది. అమ్మ కంచాన్ని జరిపింది. ఈసారి అంచుకు కాదు, కోడలి వైపు.

"ఇంకొంచెం ఎయ్యి మే."

ఆ రాత్రి డైరీ తెరిచి చూశాను. వంటకు ఇంకా పేరు పెట్టలేదు, ఆ జాగా ఖాళీగానే ఉంది. పక్కన మాత్రం రాసుంది: అత్త, రెండు.