మందుల చీటీలో కెమిస్ట్రీ

పంజాగుట్టలో నిమ్స్ రుమటాలజీ ఓపీ నుంచి వచ్చే చీటీల్లో మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ తరచుగా పక్కపక్కనే ఉంటాయి. ఫార్మసీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పాల్సి వచ్చినప్పుడు నేను అలాంటి చీటీతోనే మొదలుపెడతాను.

రెండు మందుల నిర్మాణాలనూ ఒకే కాగితం మీద గీయమంటాను. గీస్తూ గీస్తూ ఆగిపోతారు. రెండూ దాదాపు ఒకటే! ఫోలిక్ యాసిడ్‌లో నాలుగో స్థానంలో ఆక్సిజన్ ఉన్నచోట మెథోట్రెక్సేట్‌లో అమైనో గ్రూపు ఉంటుంది, పదో నైట్రోజన్ మీద ఒక మిథైల్ అదనం. ఆ కాస్త మార్పుతో అది డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ ఎంజైమును పట్టుకుని వదలదు. డీఎన్ఏ తయారీకి కావలసిన సరుకు కణానికి అందదు. పైగా కణంలోకి వెళ్లాక మెథోట్రెక్సేట్‌కు గ్లుటమేట్లు ఒకటి తర్వాత ఒకటి తగులుకుంటాయి, ఇక అది తేలిగ్గా బయటికి రాలేదు. కీళ్లవాతానికి వారానికొక్క మోతాదు సరిపోవడానికి ఇదో కారణం. పొరపాటున రోజూ వేసుకుంటే నోరు పూస్తుంది, మూలుగ దెబ్బతింటుంది, ప్రాణమే పోవచ్చు. "వారంలో ఏ రోజు వేసుకుంటున్నావమ్మా?" అని కౌంటర్ దగ్గర అడగడం ఎంత ముఖ్యమో ఆ బొమ్మ గీసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఈ కథలో మన భీమవరం మనిషి కూడా ఉన్నారు. యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ మందుల కంపెనీ పరిశోధన బృందం 1940లలో ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది, దాన్ని ఎదిరించే అమినోప్టెరిన్‌నూ చేసింది. దానితో ల్యుకేమియా పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా తగ్గిందని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించింది 1948లో. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు. మెథోట్రెక్సేట్ ఆ అమినోప్టెరిన్‌కు తోబుట్టువే.

అయినా ఫార్మ్‌డీ విద్యార్థులు మూడో ఏట మెడిసినల్ కెమిస్ట్రీ చదివేసి, వార్డుకు వెళ్లేనాటికి మరిచిపోతారు. పట్టా చేతికొచ్చాక అమీర్‌పేటలో ఫార్మకోవిజిలెన్స్ కోర్సు కోసం తిరిగేటప్పుడు కెమిస్ట్రీతో ఇక పనిలేదనుకుంటారు. నాకు బాధ కలిగించేది ఈ మాటే. ఒక దుష్ఫలితం మందు వల్ల వచ్చిందా, జబ్బు వల్లా అని తేల్చడానికి ఆ మందు ఒంట్లో ఏం చేస్తుందో తెలియాలి కదా! అంత దూరం ఎందుకు, అమాక్సిసిలిన్-క్లావులనేట్ డ్రై సిరప్‌ను నీళ్లు కలిపిన వారానికి పారబోయమంటే, మిగిలిన మందు చూసి ఏ తల్లికైనా ప్రాణం ఉసూరుమంటుంది. నీళ్లలో బీటా-లాక్టమ్ వలయం విడిపోతుందని తెలిసిన ఫార్మసిస్టు ఆమెకు నచ్చజెప్పగలడు.

అందుకే పేరు, వివరాలు తీసేసిన చీటీలు మూడో ఏటి క్లాసులోకే రావాలి. పరీక్షలో మెథోట్రెక్సేట్ సింథసిస్ రాయమనే బదులు ఇలా అడగాలి: రోగి వారం మాత్రను పొరపాటున రోజూ వేసుకుని ఆసుపత్రిలో చేరారు. అప్పుడు ఫోలిక్ యాసిడ్‌ను నమ్ముకోకుండా ల్యుకోవొరిన్ ఎందుకు ఇస్తారు? రెండింటి నిర్మాణాలూ గీసి, ఆగిపోయిన ఎంజైముతో దేనికి పని ఉందో, దేనికి లేదో చూపండి.