మెరిసిందల్లా పేలదు

పాత తుపాకి ఒకటి గోడమీద కనిపిస్తే చాలు, మనవాళ్ల నోట రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. ‘ఎవరిదండీ ఇది?’ అన్నది మొదటిది. ‘ఇప్పుడు అమ్మితే ఎంత పలుకుతుంది?’ అన్నది రెండోది. ‘ఇది మంచి తుపాకేనా?’ అన్న మూడో ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ఫలానా జమీందారుగారిదని తెలిశాక ఇంక దాని మంచిచెడ్డలు మనకెందుకని కాబోలు!

‘పుస్తకాల మీద నాలుగు ముక్కలు రాసుకునేవాడివి, తుపాకుల ఊసు నీకెందుకయ్యా?’ అని మీరు అడగొచ్చు. కోరి చేయించుకున్న చెకుముకి తుపాకిని బేరీజు వేసే పద్ధతి ఒకటుంది. కథనో కావ్యాన్నో బేరీజు వేసేవాడు కూడా దాన్ని నేర్చుకుంటే నష్టం లేదని నా నమ్మకం. పైగా నేనుండేది విశాఖపట్నంలో. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 1966లో గొంతు చించుకున్న ఊరిది. ఉక్కు గురించి మాట్లాడే హక్కు ఆ లెక్కన నాకూ కాస్త ఉండాలి కదా.

ముందు ఈ తుపాకి సంగతి చెప్పుకుందాం. తూటా, టోపీ లాంటివి రాకముందు, గొట్టంలో మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించి పేల్చేవారు. అంతకుముందు తుపాకి అంటించడానికి వెలిగే వత్తి కావాలి. వాన పడితే వత్తి ఆరిపోయేది. ఆ బాధ తప్పించింది చెకుముకి. రాయిని పళ్లతో కరిచి పట్టుకున్న చిన్న సుత్తి ఒకటి వెనక్కి లాగి ఉంటుంది. మీట నొక్కగానే అది ఎదురుగా నిలబడిన ఉక్కు పలకను గీరుకుంటూ దిగుతుంది. ఆ దెబ్బకు పలక పక్కకు తప్పుకుని, దానికింద ఉన్న చిన్న పళ్లెం తెరుచుకుంటుంది. నిప్పురవ్వలు పళ్లెంలోని చిటికెడు మందు మీద పడతాయి. ఆ మంట సన్నని బెజ్జంలోంచి గొట్టంలోకి దూరుతుంది. అప్పుడు పేలుతుంది. ఇదంతా రెప్పపాటులో జరగాలి.

నిప్పు రాయిలోంచి వస్తుందని మనందరి నమ్మకం. కాదు. రాయి చేసేది గీరడమే. గీరినప్పుడు ఊడిన ఉక్కు పొడి కాగి, గాలిలో మండుతుంది. ఆ రవ్వ ఉక్కుది! అందుకే ఎదుటి పలక మెత్తని ఇనుముదైతే ఎంత గొప్ప చెకుముకిరాయి పెట్టినా రవ్వ రాలదు. పలకకు సరైన పదును పట్టిందా లేదా అన్నది తుపాకికి మొదటి పరీక్ష. వెండి పువ్వులు, బంగారు తీగెలు ఈ పరీక్షలో ఒక్క మార్కు కూడా తెచ్చిపెట్టవు.

మరి పదునైన ఉక్కు అంత గొప్పదైతే గొట్టం కూడా దాంతోనే చేయొచ్చు కదా? ప్రమాదం. మరీ గట్టిది పెళుసుగా ఉంటుంది. లోపల మందు పేలినప్పుడు పగిలి పేల్చినవాడి మొహానికే వస్తుంది. అందుకని గొట్టానికి సాగే గుణమున్న ఇనుము వాడేవారు. ఇనుప పట్టీని కడ్డీకి తాడులా చుట్టి, ఎర్రగా కాల్చి, సుత్తితో అతికి గొట్టం చేయడం మన దేశపు పనివాళ్లకూ తెలిసిన విద్యే. తెలంగాణలో నిజామాబాదు వైపు కోనసముద్రం అనే ఊళ్లో చేసిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. ఇంగ్లీషువాళ్లు ‘వుట్జ్’ అని పిలిచినది మన ‘ఉక్కు’ లాంటి దక్షిణాది మాటేనని పండితులు చెబుతారు. పేరున్న లోహం ఉన్నంత మాత్రాన పని అయిపోదు. ఎక్కడ గట్టిదనం కావాలో, ఎక్కడ మెత్తదనం కావాలో తెలిసినవాడే పనివాడు. రచయితకూ అంతే. ప్రతి వాక్యానికీ పదును పెట్టినవాడి పుస్తకం మధ్యలోనే పగులుతుంది.

మా వీధిలో ఉక్కు కర్మాగారంలో ఫిట్టరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. తెలిసినవారింట్లో పనికిరాని పాత తుపాకి ఒకటి ఉంటే చూద్దామని ఆయన్ని వెంటబెట్టుకెళ్లాను. అందరూ మడమ మీది ఇత్తడి నగిషీ చూస్తున్నారు. ఆయన కళ్లజోడు సర్దుకుని మరలు చూశారు.

‘‘మేష్టారూ, మర తల మీద గాడి చూడండి. చెక్కు చెదరకుండా ఉందంటే తెలిసినవాడి చెయ్యి పడ్డట్టు. చిట్లిపోయిందంటే ఎవడో తెలీనివాడు కెలికేశాడన్నమాట.’’

‘‘మరి ఈ నగిషీ సంగతేమిటండీ?’’ అన్నాను.

‘‘అది కడుపు నిండాక తాంబూలం బాబూ. ముందు అన్నం ఉడికిందో లేదో చూడాలి గదా!’’ అన్నారాయన. తర్వాత ఇనుప పలక కొయ్యలో కూర్చున్న చోట గోటితో తడిమారు. గోరు దిగే సందు ఉందా లేదా అని. ఆకురాయి పట్టిన చేతికి ఆ సందు గోటితోనే తెలుస్తుందిట.

నిజమే. కొయ్యపనిలో దాపరికం సాగదు. మడమ దగ్గర సన్నబడే చోట చెక్క ఈనె పొడవునా సాగాలి. అడ్డంగా తెగితే ఆ తుపాకి ఏనాటికైనా అక్కడే విరుగుతుంది. కోరి చేయించుకున్నదంటే అసలైన అర్థం కొలత. దర్జీ చొక్కా కుట్టినట్టు, ఆ మనిషి చెయ్యి పొడవుకు, మెడ వాటానికి సరిపోయేట్టు కొయ్యను మలుస్తారు. భుజానికెత్తితే కన్ను తనంతట తానే గురి మీద నిలవాలి.

అన్నిటికన్నా గొప్ప పరీక్ష చెవిది. పళ్లెంలో మందు అంటుకున్న చప్పుడూ, గొట్టం పేలిన చప్పుడూ వేరువేరుగా వినిపిస్తే అది నాసిరకం. రెండూ ఒక్కటై వినిపిస్తే మేలురకం. ఒక్కోసారి పళ్లెం భగ్గుమంటుంది, గొట్టం మాత్రం కదలదు. ఆర్భాటంగా మొదలై తుస్సుమనే పనులకు ఇంగ్లీషువాళ్లు వాడే మాట ఒకటి ఈ పళ్లెంలో పుట్టిందే. మొదటి పేరాలో భగ్గుమని, తర్వాత పొగ తప్ప ఏమీ మిగల్చని కథలు మీరూ చదివే ఉంటారు. పేర్లు చెప్పను లెండి!

ఇదంతా గుణం మాట. ఇంక విలువ అంటారా, అది వేరే లోకం. 1830ల తర్వాత టోపీ తుపాకులు వచ్చాక, చాలా చెకుముకి తుపాకుల్ని ఆ పద్ధతికి మార్చేశారు. ఇప్పుడు పాత రూపానికే ధర ఎక్కువ కాబట్టి, కొందరు వ్యాపారులు వాటిని మళ్లీ వెనక్కి మార్చి అమ్ముతారు. మన ఇళ్లల్లో జరిగే ఘోరం మరొకటి. తాతగారి తుపాకి కదా అని పండక్కి ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు పెట్టి తళతళలాడేట్టు తోముతారు. దాంతో పాతబడిన రంగు పోతుంది, చెక్కిన ముద్రలు అరుగుతాయి, విలువ తూములోకి పోతుంది.

ధరలో సగం గుణానిదైతే సగం పేరుది. టిప్పు సుల్తాన్ కోసం 1793-94లో చేసిన చెకుముకి తుపాకి ఒకటి బ్రిటన్‌లో ఉండిపోయింది. మళ్లీ మందు కూరకుండా రెండుసార్లు పేలడం దాని ప్రత్యేకత. అది దేశం దాటిపోకుండా 2023లో అక్కడి ప్రభుత్వం తాత్కాలికంగా ఆపింది. విలువ 20 లక్షల పౌండ్లని కట్టారు. టిప్పు పేరు లేకపోతే అంత పలికేదా? పలకదు. కాని ఆ తుపాకి మీద ఇంకో పేరు కూడా ఉంది. అసద్ ఖాన్ మహమ్మద్, చేసినవాడు. రెండుసార్లు పేలే విద్య టిప్పుది కాదు, అతనిది. లోకం చెప్పుకునేది మాత్రం మొదటి పేరే.

అయితే ఒకరి కొలతకు చేసినదే గొప్పదని తీర్పు చెప్పేస్తే అదీ అన్యాయమే. 1780 అక్టోబరులో మన విశాఖపట్నంలో తిరగబడ్డ సిపాయిలకూ, 1794 జూలైలో పద్మనాభం యుద్ధంలో విజయరామరాజు మీదికి వచ్చిన కంపెనీ పటాలానికీ ఎవరి భుజం కొలిచి తుపాకులు చేయలేదు. ఒకే నమూనా మీద వేలకొద్దీ చేయించినవవి. కంపెనీవారి ‘ఇండియా నమూనా’ తుపాకికి గొట్టం 39 అంగుళాలు. నగిషీ పూజ్యం. అయినా 1797లో బ్రిటిషు సైన్యమే దాన్ని తన నమూనాగా తీసుకుంది. ఎవరి చేతిలో పెట్టినా పేలడం దాని గుణం. దాన్ని ఆ కొలబద్దతోనే కొలవాలి. పత్రికలో కథను ప్రబంధం కొలబద్దతో కొలిచే విమర్శకులు ఈ మాట గుర్తుంచుకుంటే బాగుండును.

నాకు తుపాకి మీద మోజేమీ లేదు. అది ప్రాణం తీసే వస్తువు, దాని కాలం చెల్లినందుకు విచారమూ లేదు. నా బెంగల్లా చూపు గురించే. అమెరికాలో విలియమ్స్‌బర్గ్ అనే ఊళ్లో పాత పద్ధతిలో తుపాకి మొత్తం చేత్తో చేసిన వాలెస్ గస్లర్ అనే పనివాడి మీద 1969లో ఒక చిత్రం తీశారు. ఇనుప ముక్క గొట్టంగా మారడం చూసినవాళ్లకు ఏది పని, ఏది పైపూత అన్నది తెలిసింది. అక్కడ ఈనాటికీ అలాంటి తుపాకులు చేయించుకునేవారున్నారు. కొనేవాడి చూపు బతికితే చేసేవాడి విద్యా బతుకుతుంది.

మన దగ్గర? బొబ్బిలి అంటే మనకు 1757 నాటి యుద్ధమూ గుర్తొస్తుంది, వీణా గుర్తొస్తుంది. యుద్ధం చేసిన తుపాకులు పోయాయి, వీణ మిగిలింది. పనసకర్రను ఒకే దుంగలోంచి తొలిచి చేసే వీణ అది. అదీ కోరి చేయించుకునేదే, దాన్నీ చెవితోనే పరీక్షించాలి. మనం చేస్తున్నదేమిటి? సన్మాన సభల్లో గాజుపెట్టెలో పెట్టిన బుల్లి వీణ ఇచ్చి పుచ్చుకుంటున్నాం. ముచ్చటగా ఉంటుంది. పలకదు. పలకని వీణకు గిరాకీ పెరిగి, పలికే వీణకు తగ్గితే పనివాడు ఏది చేస్తాడు? అతనికీ ఇల్లు గడవాలి కదా.

కనక ఈసారి గోడమీద తుపాకో, గాజుపెట్టెలో వీణో కనిపిస్తే ‘ఎవరిదండీ’ అని, ‘ఎంతండీ’ అని నిరభ్యంతరంగా అడగండి. ఆ తర్వాత ‘ఎవరు చేశారండీ, బాగా చేశారా?’ అని కూడా ఒక్క మాట అడగండి. జవాబు చెప్పేవాళ్లు అక్కడ లేకపోవచ్చు. అడిగేవాళ్లు నలుగురు పోగైతే చెప్పేవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు.